రిటైరయ్యాక పద్యం రాయాలనుకునేవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తాను, నేను పండితుణ్ణి కాను. బ్యాంకులో 34 ఏళ్ళు చేసి 60కి బయటికొచ్చాను, ఇప్పుడు 67. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు పద్యం రాగం తీసి చదువుతుంటే వెనక బెంచీలో కూర్చుని నోరు తెరుచుకుని వినేవాణ్ణి. లెక్కల నోట్సు చివరి పేజీల్లో నాలుగు పాదాలు గిలికి, ఎవరైనా చూస్తారేమోనని చించేసేవాణ్ణి. తరవాత డిగ్రీ, ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్లు, పిల్లల ఫీజులు, అమ్మ ఆపరేషను, అలా నలభై ఏళ్ళు ఎటు పోయాయో తెలీదు. రిటైరయ్యాకే మళ్ళీ పద్యం పట్టుకున్నాను. పార్కులో నడుస్తున్నప్పుడు, పెళ్ళిళ్ళలో బంతి కోసం ఎదురుచూస్తున్నప్పుడు, నాలాంటివాళ్ళు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను.

నాకు 62. ఈ వయసులో ఛందస్సు బుర్రకెక్కుతుందా?

ఎక్కుతుంది, ఎందుకంటే సగం ఎప్పుడో ఎక్కేసింది. మీ తరం వాళ్ళందరికీ చిన్నప్పుడు వేమన పద్యాలు ఓ పాతిక, సుమతీ శతకం ఓ పది, భాగవతం నుంచి నాలుగైదు బట్టీ పట్టించారు కదా. అర్థం తెలిసినా తెలియకపోయినా వాటి నడక చెవిలో దిగబడిపోయింది. ఎవరైనా వేమన పద్యంలో ఒక మాట ఎగరగొట్టి చదివితే మీకు టక్కున ఎక్కడో కాలు మడత పడ్డట్టు అనిపిస్తుంది చూడండి, అదే ఛందస్సు. ఇప్పుడు నేర్చుకోవాల్సింది దాని లెక్క మాత్రమే. నిజానికి ఇరవై ఏళ్ళ కుర్రాడి కంటే మనకే ఇది సులువు, వాడికి ఆ పద్యాలు నోటికి రావు.

పేర్లు మాత్రం మర్చిపోతాం, అది నిజం. నాకు మొదటి రెండు నెలలు ‘స’ గణానికీ ‘జ’ గణానికీ (గణం అంటే గురులఘువుల చిన్న గుంపు) తేడా పొద్దున గుర్తుండేది, సాయంత్రానికి పోయేది. గణాలు గుర్తుండటానికి వాడే ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

గురువు, లఘువు అంటేనే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకం పక్కన పెట్టి నోటితో మొదలుపెట్టండి. పొట్టిగా పలికేది లఘువు (I అని గీస్తారు), సాగేది లేదా ఊతం పడేది గురువు (U). దీర్ఘం ఉంటే గురువు. సున్న ఉంటే గురువు. పక్కన ద్విత్వమో సంయుక్తమో వస్తే దాని ముందున్న అక్షరం గురువు. ‘పాలు’ అంటే U I. ‘కలము’ అంటే I I I. ‘అమ్మ’ అంటే మళ్ళీ U I, ఎందుకంటే ‘మ్మ’ ముందు ‘అ’ మీద నొక్కు పడింది.

ఇక్కడ అందరూ రెండుచోట్ల పప్పులో కాలేస్తారు. ఒకటి, వట్రుసుడి సంయుక్తం కాదు, ‘పితృ’లో ‘పి’ లఘువే. రెండోది, వేరే మాట మొదట్లో సంయుక్తం వచ్చినంత మాత్రాన తెలుగులో దాని ముందు మాట చివరి అక్షరం గురువైపోదు. ‘మంచి ప్రశ్న’ అన్నప్పుడు ‘చి’ లఘువుగానే ఉంటుంది. ‘ప్రశ్న’ ముందు నిజంగా మనం ఊపిరి ఎలా తీసుకుంటామో గమనిస్తే మీకే తెలుస్తుంది. సంస్కృత సమాసమైతే కథ వేరు, ‘దేశప్రజలు’లో ‘శ’ గురువు.

వారం రోజులు ఏం చేయాలంటే, బస్సు బోర్డులు, మందుల షాపు పేర్లు, పేపర్లో హెడ్డింగులు, కనిపించిన ప్రతిదానికీ మనసులో U లూ I లూ పెట్టుకుంటూ పోవడమే. నేను డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో అక్కడున్న పేషెంట్ల పేర్లన్నీ గణాలుగా విడగొట్టాను. టోకెన్ నంబరు పిలిచింది వినపడలేదు, మళ్ళీ చివర్లో కూర్చోవాల్సొచ్చింది.

మొదట ఏ పద్యం రాయాలి?

ఆటవెలది. మారుమాట లేదు. వేమన పద్యాలు చాలావరకు ఆటవెలదులే, కాబట్టి నడక మీకు వచ్చేసినట్టే. ప్రాస గొడవ లేదు.

లెక్క ఇదీ. సూర్యగణాలు రెండే రెండు: న (I I I), గలం (U I). ఇంద్రగణాలు ఆరు: నల (I I I I), నగ (I I I U), సల (I I U I), భ (U I I), ర (U I U), త (U U I). ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, తరవాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. అంతే.

నమ్మకం కుదరకపోతే వేమన మకుటాన్నే కోసి చూడండి. విశ్వ (U I), దాభి (U I), రామ (U I), వినుర (I I I), వేమ (U I). ఐదు సూర్యగణాలు. యాభై ఏళ్ళుగా మీ నోట్లో నానుతున్న ముక్కలో ఇంత లెక్క ఉందని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాంకులో ట్రయల్ బ్యాలెన్స్ మొదటిసారే కలిసిపోయినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

మొదటి రోజే నాలుగు పాదాలు వద్దు. నెల రోజులు ఉత్త రెండో పాదాలే రాయండి, ఐదు సూర్యగణాలవి, ఇంట్లో జరిగేవాటి మీద. నేను మొట్టమొదట రాసిన పాదం ఇది:

కూర బాగలేదు కోపమొచ్చె

కూర, బాగ, లేదు, కోప, మొచ్చె. ఐదూ గలాలే. ‘మొచ్చె’ దగ్గర పండితులు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి, దాని సంగతి కింద చెప్తాను.

యతి ఎందుకు? అది లేకపోతే హాయిగా రాసుకోవచ్చు కదా?

ఈ ప్రశ్న నేనూ అడిగాను, కొంచెం విసుగ్గానే. ఇప్పుడు నా అభిప్రాయం తలకిందులైంది.

యతి అంటే పాదం మొదటి అక్షరానికి, మధ్యలో ఫలానా చోట వచ్చే అక్షరానికి స్నేహం కుదరాలి. ఆటవెలదిలో ఆ చోటు నాలుగో గణం మొదటి అక్షరం. హల్లుకి హల్లు కలవాలి, దాని మీదున్న అచ్చుకి అచ్చు కలవాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు. హల్లుల్లో క ఖ గ ఘ ఒక జట్టు, చ ఛ జ ఝ లతో శ ష స లు కూడా కలుస్తాయి, త థ ద ధ ఒకటి, ప ఫ బ భ వ ఒకటి, ఇలా. యతుల్లో ఇంకా చాలా రకాలున్నాయి, పాతకాలపు ఛందస్సు పండితుడు అప్పకవి వాటి మీద చాలా దూరం వెళ్ళాడు. ఇప్పుడే అక్కడికి వెళ్ళొద్దు, తిరిగి రాలేరు.

పైన నా కూర పాదంలో ‘కూ’కి ‘కో’ కలిసింది. ఊ, ఓ ఒకే జట్టు కదా. ఇప్పుడు ఇది చూడండి:

పాలు పొంగి పోయె పొయ్యి తడిసె

గణాలు సరిపోయాయి. కానీ ‘పా’కి ‘పొ’ కలవదు, ఆ వేరు, ఒ వేరు. రెండు రోజులు దీంతో కుస్తీ పట్టాను. మూడో రోజు స్నానం చేస్తుంటే తట్టింది:

పొంగి పాలు పోయె పొయ్యి తడిసె

రెండు మాటలు అటూ ఇటూ మారాయి, అంతే. కానీ చదివి చూడండి. మొదటి దాంట్లో పాలు పొంగాయన్న వార్త ఉంది. రెండో దాంట్లో ముందు పొంగు కనపడుతుంది, తరవాత అవి పాలని తెలుస్తుంది, వంటింట్లోకి పరిగెత్తినప్పుడు మనకు జరిగేది కూడా అదే వరసలో. ఇది నేను ఆలోచించి చేసింది కాదు, యతి మెడ పట్టుకుని చేయించింది. అప్పటి నుంచి యతిని తిట్టడం మానేశాను.

గ్రాంథికంలో రాయాలా, మామూలు తెలుగులో రాయొచ్చా?

అసలు గొడవంతా ఇక్కడే. రిటైరైనవాళ్ళు పద్యం అనగానే ఎక్కడలేని ‘ంబు’లు, ‘గదా’లు, ‘యిలన్’లు తెచ్చి కుక్కుతారు. గణం పూడ్చడానికి వేసే మన్ను అది. చదివేవాడికి తెలిసిపోతుంది.

నా మొదటి పూర్తి పద్యం ఇది, నవ్వుకోండి:

బ్యాంకు కొలువు వీడి బయటపడిన నాడు
లెక్కపుస్తకంబు లేక పోయె
చేయి ఖాళి యనుచు చింత పడగ నేల
పద్య మొకటి వచ్చి పలుకరించె

లెక్క సరిపోతుంది, మీరే కోసి చూసుకోండి. తప్పులు నేనే చెప్తాను. ‘పుస్తకంబు’లో ‘ంబు’ ఎందుకొచ్చిందంటే గణం నిండక వచ్చింది, దానికి ఇంకే కారణం లేదు. ‘ఖాళీ’ని ‘ఖాళి’ చేశాను, అదీ గణం కోసమే. మూడో పాదం మొత్తం పాత సినిమాలో డైలాగులా ఉంది. నాలుగోది మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం, అందులో మాటలన్నీ మనం మాట్లాడేవే.

వ్యాకరణం పూర్తిగా వదిలేయమనడం లేదు. పద్యం మధ్యలో రెండు మాటల నడుమ అచ్చు వచ్చి పడితే సంధి చేయాలి, లేదా ‘య’నో ‘న’నో వచ్చి చేరాలి, అందుకే పైన ‘ఖాళి యనుచు’, ‘పద్య మొకటి’ అని ఉంది. ఇది పద్యంలో నియమమే, నోటికి సాఫీగా రావడానికీ పనికొస్తుంది. చిన్నయసూరి వ్యాకరణం మొత్తం చదివాకే రాస్తానంటే మాత్రం రాయడం మొదలవ్వదు. సంధి ప్రకరణం చదవండి, మిగతాది అవసరం పడ్డప్పుడు.

ఇక ‘కోపమొచ్చె’. కోపము వచ్చె అనాలి, సూత్రం ప్రకారం. నాకు పద్యం నేర్పిన పెద్దాయన (రిటైర్డ్ తెలుగు లెక్చరరు, నాకంటే పదేళ్ళు పెద్ద) దాన్ని ఎర్రపెన్నుతో చుట్టారు. “దేవుడి మీద రాస్తే ఒప్పుకోను గానీ, కూర మీద కాబట్టి వదిలేస్తున్నా” అన్నారు. అది నాకు బాగా నచ్చిన తీర్పు.

కందం ఎప్పుడు రాయాలి?

ఆటవెలది, తేటగీతి చేతికొచ్చాక. ‘కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు’ అంటారు కదా, అది ఊరికే అనలేదు. చూడ్డానికి బుల్లి పద్యం, లోపలంతా షరతులు. నాలుగు మాత్రల (లఘువుకి ఒకటి, గురువుకి రెండు) గణాలే వాడాలి: గగ (U U), భ (U I I), జ (I U I), స (I I U), నల (I I I I). చిన్న పాదంలో మూడు, పెద్ద పాదంలో ఐదు, రెండూ కలిపి ఎనిమిది. ఆ ఎనిమిదిలో బేసి చోట్ల జగణం రాకూడదు, ఆరో చోట జగణమో నలమో తప్ప ఇంకేదీ రాకూడదు, చివర గురువు ఉండాలి, పైగా నాలుగు పాదాల్లోనూ ప్రాస, అంటే రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. నాకు ఒక్క కందం కుదరడానికి 14 నెలలు పట్టింది. సుమతీ శతకం అంతా కందాలే. ‘సుమతీ’ అనే మకుటం కూడా సరిగ్గా ఒక సగణం, గురువుతో ముగిసేలా దాన్ని తెచ్చి పాదం చివర కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు. ఇలాంటివి గమనించడమే సగం చదువు.

ఉత్పలమాల, చంపకమాల వృత్తాలు. వాటిలో గణాల వరస మారదు, ఉత్పలమాలకి భ ర న భ భ ర వ (వ అంటే I U), పదో అక్షరం యతి. లెక్క ప్రకారం కందం కంటే తేలిక అనిపిస్తుంది, ఎందుకంటే ఎంచుకోవడానికి ఏమీ లేదు. కానీ పాదానికి ఇరవై అక్షరాలు నింపాలంటే చెప్పడానికి విషయం ఉండాలి, లేకపోతే మళ్ళీ మన్ను పూడ్చడమే.

రోజుకు ఎంతసేపు కూర్చోవాలి?

కూర్చోనక్కర్లేదు. పద్యం నడకలో వస్తుంది. నేను పొద్దున 40 నిమిషాలు నడుస్తాను, అందులో ఒక పాదం దొరికితే ఆ రోజు గిట్టుబాటైనట్టే. ఇంటికి రాగానే రాసేయాలి, లేకపోతే కాఫీతో పాటు పోతుంది. డైరీలో రాయండి, కొట్టేసినవి కూడా ఉంచండి, ఏడాది తరవాత తిరగేస్తే ఎక్కడ ఇరుక్కున్నారో తెలుస్తుంది.

గురువు తప్పనిసరా?

పాఠం చెప్పడానికి అక్కర్లేదు, తప్పు పట్టడానికి కావాలి. మీ ఊళ్ళో రిటైరైన తెలుగు పండిట్ ఒక్కరైనా ఉంటారు. వాళ్ళ దగ్గరికి ఎవరూ రావడం లేదు. మీరు పద్యం పట్టుకుని వెళ్ళి తలుపు కొడితే ఆయన మొహం చూడాలి మీరు. ఖాళీ చేతుల్తో వెళ్ళకండి, నాలుగు అరటిపళ్ళు తీసుకెళ్ళండి.

కంప్యూటరే ఛందస్సు చూసిపెడుతుందట కదా?

పెడుతుంది. నెట్‌లో అలాంటి సాధనాలు ఉచితంగానే ఉన్నాయి, పద్యం అతికిస్తే గణాలు విడగొట్టి యతి ప్రాసలు చూపిస్తాయి. వాడండి, కానీ ముందు మీరే వేళ్ళ మీద లెక్కేసుకుని, ఆ తరవాత. కాలిక్యులేటర్ వచ్చాక కుర్ర క్యాషియర్లకి కూడికలు రాకుండా పోయిన సంగతి నేను కౌంటర్లోంచి చూశాను. ఇంకోటి, మాటల మధ్య ఖాళీ తప్పుగా వదిలితే యంత్రం గురులఘువులు తప్పు చెప్పొచ్చు, సమాసం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చివరికి మనకే తెలియాలి.

నిఘంటువుకి ఫోన్ చాలు. ఆంధ్రభారతి సైట్లో పాత నిఘంటువులు చాలా ఒకేచోట వెతుక్కోవచ్చు. యతికి మాట దొరక్క తల పట్టుకున్నప్పుడు ‘కో’తో మొదలయ్యే మాటలన్నీ వరసగా చూస్తూ పోతుంటే అసలు పని మర్చిపోయి గంట గడిచిపోతుంది, ఆ గంట నష్టం కాదు.

వచన కవిత్వం రాసుకోవచ్చు కదా, ఈ కాలంలో పద్యమేంటి అని మా అబ్బాయి అంటున్నాడు.

రాసుకోవచ్చు. మంచి వచన కవిత రాయడం నాకు రాదు, ఎక్కడ ఆపాలో తెలీదు. పద్యం అయితే నాలుగో పాదం చివర అదే ఆగిపోతుంది. జీవితమంతా పద్దులు రాసినవాడికి ఆ గళ్ళే హాయి. మీకు గళ్ళు గిట్టకపోతే మీ అబ్బాయి మాట వినండి.

నేను వెంకటేశ్వరస్వామి మీద శతకం మొదలుపెట్టాను, 20 అయ్యాయి. కొనసాగించనా?

భక్తికి అడ్డం చెప్పను. కానీ అనుభవం చెప్తాను. నేనూ మా ఊరి దేవుడి మీద 108 రాశాను, రిటైరైన రెండో ఏడే, ఎవరు ఆపినా ఆగలేదు. ముప్పయ్యో పద్యం దగ్గరికి వచ్చేసరికి కొండ, శంఖం, చక్రం, అలమేలుమంగ అన్నీ అయిపోయాయి. మిగతా డెబ్భై ఎనిమిదీ అవే తిప్పి తిప్పి. మకుటం ఎప్పుడూ ఒకటే కాబట్టి నాలుగో పాదంలో సగం ముందే నిండిపోయి ఉంటుంది, అది సుఖంలా కనిపించే ఉచ్చు. మొదటి వంద పద్యాలు వంద వేరు వేరు విషయాల మీద రాయండి. నీళ్ళ ట్యాంకర్, మోకాలి నొప్పి, పక్కింటి కుక్క, లైఫ్ సర్టిఫికెట్ కోసం క్యూ. దేవుడు ఎక్కడికీ పోడు.

పుస్తకం వేయాలా?

ఆ 108ని నేను పుస్తకం వేశాను. పెన్షన్ బకాయి డబ్బు చేతికొచ్చిన నెల అది, చెయ్యి ఆగలేదు. 500 కాపీలు. బంధువులకి, పాత బ్రాంచి వాళ్ళకి, లైబ్రరీలకి, పెళ్ళిళ్ళలో వియ్యాలవారికి, అలా పంచగా పంచగా ఓ 160 పోయాయి. మిగతావి అటక మీద ఉన్నాయి. మా ఆవిడ ప్రతి సంక్రాంతికీ దులిపి మళ్ళీ అక్కడే పెడుతుంది, ఏమీ అనదు, ఏమీ అనకపోవడమే ఎక్కువ.

ఇప్పుడైతే ఏం చేస్తానంటే, నచ్చిన పాతిక పద్యాలు నీట్‌గా డీటీపీ చేయించి, 30 కాపీలు స్పైరల్ బైండింగ్. పద్యం చదివేవాళ్ళు మనకు తెలిసినవాళ్ళలో అంతకంటే ఎక్కువ ఉండరు. ఇంకా కావాలంటే పీడీఎఫ్.

ఒక సంస్థ వాళ్ళు ఫోన్ చేసి బిరుదు ఇస్తామన్నారు. వెళ్ళాలా?

రిజిస్ట్రేషన్ ఫీజు అడిగారా? అడిగితే వెళ్ళకండి.

నాకూ వచ్చింది అలాంటి ఫోను. శాలువా, మెమెంటో, పేరుకు ముందు తగిలించుకోవడానికి ఒక పొడుగాటి బిరుదు, భోజనం. ఫీజు మనమే కట్టాలి, ఫొటో కావాలంటే ఇంకొంచెం. కట్టాను, దాచడం ఎందుకు. హాల్లోకి వెళ్తే నాలాంటివాళ్ళు అరవై మంది, అందరివీ తెల్ల పంచెలే, అందరికీ అదే బిరుదు. మైకు ముందు ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. నా పద్యం సగంలో ఉండగా నిర్వాహకుడు చప్పట్లు మొదలెట్టాడు. ఆ శాలువా ఇప్పుడు ఇన్వర్టర్ మీద కప్పి ఉంది.

సన్మానం మీద ఆశ ఉండటం తప్పు కాదండీ, ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు మనల్ని ఎవరూ మెచ్చుకుని ఉండరు, రిటైర్మెంటు రోజు వేసిన దండ తప్ప. కానీ దాన్ని కొనుక్కుంటే రుచి ఉండదు.

మరి నా పద్యాలు ఎవరికి వినిపించాలి?

సమస్యాపూరణాల్లోకి రండి. ఒకరు పద్యంలో ఒక పాదం ఇస్తారు, సాధారణంగా అర్థం లేనిదో అడ్డగోలుదో, దాన్ని కలుపుకుని మిగతా పాదాలు రాసి అర్థం కుదర్చాలి. ఆకాశవాణిలో ఈ శీర్షిక వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లోనూ నెట్‌లోనూ రోజూ ఇచ్చే బృందాలున్నాయి. పొద్దున సమస్య వస్తుంది, సాయంత్రానికి పాతిక ముప్పై పూరణలు. మన పద్యం పక్కనే ఇంకొకాయన పద్యం ఉంటుంది, ఎవరూ ఏమీ అనక్కర్లేదు, మనకే అర్థమవుతుంది. తప్పులు చెప్పే పెద్దలున్న గుంపు వెతుక్కోండి. ప్రతిదానికీ దండాల బొమ్మ పెట్టే గుంపులో నాలుగేళ్ళున్నా ఒక్క అంగుళం ముందుకెళ్ళరు.

ఇంకో దారి, అష్టావధానాలకు వెళ్ళండి. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు ఇవన్నీ ఒకే మనిషి కూర్చున్న చోటే తేల్చేస్తుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగం వాడు కెలుకుతుంటే, చూడ్డం పెద్ద చదువు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన విద్య ఇది, నూరేళ్ళు దాటినా రవీంద్రభారతి లాంటి హాళ్ళలో ఇంకా జరుగుతోంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే పృచ్ఛకుడు తరవాతి అక్షరాన్ని ఊహించి నిషేధిస్తుంటాడు. ప్రేక్షకుల్లో కూర్చుని మీరూ ఊహించండి. మొదట్లో ఒక్కటీ తగలదు. కొన్నాళ్ళకు మూడింట్లో ఒకటి తగులుతుంది, ఆ రోజు మీరు ఇంటికి ఆటోలో కాదు, గాల్లో వస్తారు.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుంటాం. అక్కడ ఎలా?

ఇంకా మంచిది. డల్లాస్‌లో మా అమ్మాయి ఇంట్లో పగలంతా నేనూ, గోడ గడియారమూ. కారు లేదు, కూరగాయల బండి రాదు. అక్కడున్న ఐదు నెలల్లో రాసినన్ని పద్యాలు ఇక్కడ రెండేళ్ళలో రాయలేదు. మనవరాలికి ఎనిమిదేళ్ళు, తెలుగు మాట్లాడుతుంది, చదవడం అంతంత మాత్రం. దానికి గురువుకి చప్పట్లు, లఘువుకి చిటిక అని నేర్పాను. ‘విశ్వదాభిరామ’ మొత్తం చప్పట్లు చిటికెలతో వాయించేస్తుంది. అర్థం చెప్పమంటే చెప్పలేదు, దాని వయసులో నేనూ అంతే.

లేటుగా మొదలుపెట్టి ఏదైనా సాధించినవాళ్ళున్నారా? ధైర్యానికి అడుగుతున్నా.

సాధించడం సంగతి వదిలేయండి గానీ, ధైర్యానికైతే నాకు బ్రౌన్ దొర గుర్తొస్తాడు. కంపెనీ ఉద్యోగి, తెలుగు అక్షరం రాకుండా వచ్చినవాడు. కచేరీ పని చూసుకుంటూనే మన ఛందస్సు మీద 1827లో పుస్తకం వేశాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఉద్యోగం మానేసి లండన్ వెళ్ళిపోయాక కూడా తెలుగుని వదల్లేదు, 1865లో, అంటే ఇంచుమించు 67 ఏళ్ళప్పుడు, అక్కడ తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. దాదాపు నా వయసే. యతి ఆయన చెవికి ఎలా వినిపించేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. మనకైతే అమ్మ పాలతో వచ్చిన నడక, ఆయన దాన్ని కాగితం మీద లెక్కగా నేర్చుకుని ఉంటాడు. అయినా నేర్చుకున్నాడు.

బీపీ, షుగరు, కళ్ళు… ఇబ్బంది కాదా?

శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మూడు వారాలు చదవొద్దన్నారు. పద్యానికి చదువు అక్కర్లేదు, కళ్ళు మూసుకుని వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. వేళ్ళు కదులుతుంటే జపం చేస్తున్నాననుకుని నర్సు మెల్లగా నడిచేది.

ఇంట్లో వాళ్ళు నవ్వుతున్నారు. ఏం చేయాలి?

నవ్వనివ్వండి. కానీ ఒక జాగ్రత్త, పద్యం వినిపించడానికి భోజనాల వేళ ఎంచుకోకండి. నేను మొదటి ఏడాది ఆ తప్పు చేశాను. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంటే నేను యతిమైత్రి వివరించేవాణ్ణి. పైన చెప్పిన ఆ ‘కూర’ పాదం కూడా అలాగే, వంకాయ కూర ముందు పెట్టుకుని, వేళ్ళు మడుస్తూ, కూర, బాగ, లేదు అని గణాలు విడగొట్టి మరీ వినిపించాను. ఊరికే ఉదాహరణకే అన్నాను, నమ్మలేదు.

ఆవిడ ఏమీ మాట్లాడకుండా గిన్నెలు సర్దేసింది. ఛందస్సు పుస్తకం ఆవిడ ఎప్పుడూ ముట్టుకోలేదు, నేను ఇల్లంతా తిరుగుతూ గొణుక్కునేది వినడమే. మర్నాడు పొద్దున వంటింట్లో స్టవ్ వెలిగించి లేదు, కాఫీ లేదు, ఫ్రిజ్ మీద నా ‘యమాతారాజభానసలగం’ కాగితం కింద ఇంకో కాగితం అంటించి ఉంది:

కూడు వండుకొనుడు కోరినట్లు

అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కేశాను. ఐదు సూర్యగణాలు. కూ, కో. యతి కూడా సరిపోయింది.